కామంచి కూర మంచిదే, పచ్చికాయల రసం మాత్రం వద్దు

ప్రశ్న: మాది నెల్లూరు వైపు. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. మా మేడ మీద ఒక కుండీలో మణత్తక్కాళి మొక్క దానంతట అదే మొలిచి గుబురుగా పెరిగింది. మన ఊళ్లలో కామంచి అంటారే, అదే ఇది అని మా అత్తయ్య అంటారు. కడుపుకి సంబంధించిన ఏ బాధకైనా ఆవిడకి ఇదే మందు. ఈమధ్య మా చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పచ్చికాయలూ ఆకులూ కలిపి నూరి, రసం తీసి, తేనె కలుపుకుని పరగడుపున తాగితే అల్సర్, గ్యాస్, విరేచనాలు అన్నీ పోతాయట. మా వారికి ఆరు నెలలుగా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. బాబుకి ఏడేళ్లు, వానలు మొదలయ్యాక మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరికీ ఆ రసం మొదలుపెడదామని అత్తయ్య పట్టుబడుతున్నారు. మా పక్కింటావిడేమో అది విషపు మొక్క, పీకి పారేయమంటోంది. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి, మామయ్యకి మణత్తక్కాళి వత్తల్, అంటే మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టిన కాయలు, చాలా ఇష్టం, ఆయనకి బీపీ ఉంది. తినొచ్చా?

సమాధానం: ముందు ఆ రసం సంగతి చెప్పేస్తాను. వద్దండీ. మీ వారికీ వద్దు, బాబుకి అసలే వద్దు. అలాగని మొక్కని పీకకండి, మంచి ఆకుకూర ఇంటికి వచ్చి మొలిచింది.

మీ అత్తయ్యగారు చెప్పినట్టు మణత్తక్కాళి, కామంచి ఒకటే. పిట్టలు పండ్లు తిని గింజల్ని ఎక్కడెక్కడో వేస్తుంటాయి కాబట్టి చెన్నైలో మేడ మీద కుండీల్లో, గోడల పక్కన ఇది తరచూ మొలుస్తుంటుంది. అయినా వండే ముందు ఒకసారి సరిచూసుకోండి. పూలు చిన్నవిగా, తెల్లగా, ఐదు రేకులతో, మధ్యలో పసుపు రంగు మొనతో ఉండాలి, వంగపువ్వుని బాగా చిన్నది చేసి తెల్ల రంగు వేసినట్టు ఉంటుంది. కాయలు నాలుగైదు కలిసి చిన్న గుత్తిగా వేలాడతాయి, పచ్చగా ఉండి పండాక నల్లబడతాయి, కొన్ని రకాల్లో నారింజ రంగుకి తిరుగుతాయి. కాండానికి ముళ్లుండవు. ఆకు గరుకుగా ఉండి, నలిపితే ఘాటు వాసన వేసి, కాండం గీరుకుంటూ, రంగురంగుల పూలగుత్తులు ఉంటే అది లాంటానా. దానికీ నల్లటి పండ్ల గుత్తులే వస్తాయి కాబట్టి పిల్లలు పొరబడే ప్రమాదం ఉంది, దాన్ని ముట్టుకోకండి. అనుమానం తీరకపోతే, కోయంబేడు మార్కెట్‌లోనో మీ వీధి చివరనో కీరై, అంటే ఆకుకూరలు, అమ్మే ఆవిడ దగ్గర ఒక కట్ట కొని, మీ మొక్క పక్కన పెట్టి చూడండి.

పక్కింటావిడ మాట కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. యూరప్‌లో బెల్లడోనా అని ఇదే కుటుంబానికి చెందిన ఒక మొక్క ఉంది, అది నిజంగానే ప్రాణం తీస్తుంది. ఇంగ్లీషులో రెండిటి పేర్లూ దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లకి కంగారు పుడుతుంది. బెల్లడోనా పువ్వు గంట ఆకారంలో ఊదారంగులో ఉంటుంది, కాయ గుత్తిగా కాకుండా ఒక్కొక్కటిగా, చెర్రీ పండంత కాస్తుంది, కాయ కింద నక్షత్రంలా పెద్ద తొడిమ రేకులు పరుచుకుని ఉంటాయి. చల్లటి ప్రాంతాల మొక్క అది, పెరంబూరు ఎండలో మీ మేడ మీద దానంతట అది మొలవదు.

అయితే కామంచిలోనూ విషం లేకపోలేదు, ఉన్నది ముఖ్యంగా పచ్చికాయల్లో. ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంపల్ని తినకూడదంటాం కదా, అందులో ఉండే సోలనిన్ లాంటి పదార్థాలే ఈ పచ్చికాయల్లోనూ ఉంటాయి. కాయ పండేకొద్దీ అవి బాగా తగ్గిపోతాయి, అందుకే పల్లెల్లో పిల్లలు నల్లగా పండిన పండ్లని కోసుకుని తిన్నా ఏమీ కాదు. మామూలుగా ఉడకబెట్టినంత మాత్రాన సోలనిన్ పెద్దగా చెడిపోదు, ఇక ఉడకబెట్టకుండా నూరి రసం తీస్తే మొత్తం రసంలోకే వస్తుంది. గుప్పెడు పచ్చికాయల్ని నమిలి తినమంటే ఆ చేదుకి ఎవరమైనా ఉమ్మేస్తాం, నూరి తేనె కలిపితే అదే గుప్పెడు ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. ఆ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇదే.

ఇంకో చిక్కు ఉంది. సోలనిన్ ఎక్కువైతే కనిపించేవి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తలనొప్పి, మగత. ఇవి తాగిన వెంటనే మొదలవ్వాలని లేదు, కొన్ని గంటలు గడిచాక కూడా రావచ్చు. విరేచనాలతో ఉన్న బాబుకి పొద్దున రసం తాగించారనుకోండి, మధ్యాహ్నానికి విరేచనాలు ఎక్కువై వాడు సోలిపోతే అది జబ్బు ముదిరిందా, మందు వికటించిందా అని మీకూ తెలియదు, డాక్టరుకీ వెంటనే తెలియదు. పోనీ ఇంకొంచెం రసం పట్టిద్దామని రెండో డోసు పోసే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ఇక్కడ మీ అత్తయ్యగారు ఒక మాట అడుగుతారు, అడగాలి కూడా. వత్తల్ పచ్చికాయలతోనే కదా చేసేది, తరతరాలుగా తింటున్నాం, ఎవరికి ఏమైంది అని. న్యాయమైన ప్రశ్నే. వత్తల్‌కి కోసేవి బాగా ముదిరిన కాయలు, వాటిని చిదిపి, ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ అదే మజ్జిగలో వేసి, మళ్లీ ఎండబెట్టి, చివరికి కాగిన నూనెలో వేయిస్తాం. నానబెట్టినప్పుడు కొంత మజ్జిగలోకి దిగుతుంది, నూనె వేడికి కొంత పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, వీటితో పెట్టే పులుసులో, అంటే వత్త కుళంబులో, ఒక మనిషికి వచ్చేది చెంచాడో రెండు చెంచాలో. పెద్దవాళ్లు ఆ కాయని అంత శ్రమపడి, అంత కొద్దిగా వాడటం ఊరికే వచ్చిన అలవాటు కాదని నా నమ్మకం. ఆ మెసేజ్ రాసినవాళ్లు కాయ పేరు మాత్రం తీసుకుని, ఆ జాగ్రత్తనంతా వదిలేశారు.

తేనె మాట కూడా చెప్పాలి. మన పాత వైద్యంలో ఈ మొక్క పేరు కాకమాచి. కాకమాచిని తేనెతో కలిపి తినకూడదని, అది ప్రాణానికే ముప్పని చరక సంహిత విరుద్ధ ఆహారాల్లో చేర్చింది. వండి రాత్రంతా నిలవ ఉంచిన కాకమాచి కూర తినకూడదని అష్టాంగహృదయం అనే మరో ఆయుర్వేద గ్రంథం అంటుంది. తేనె కలిపితే నిజంగా ఏం జరుగుతుందనే చర్చలోకి నేను పోను. ఆయుర్వేదం పేరు చెప్పుకుని తిరుగుతున్న ఆ చిట్కా ఆయుర్వేదం వద్దన్న పనినే చేయమంటోంది, అత్తయ్యగారికి ఈ ఒక్క మాట చెప్పినా చాలు. చరకుడు దీని గుణాల్లో భేదిని అని కూడా చెప్పాడు, అంటే గట్టిపడ్డ మలాన్ని విడగొట్టి బయటికి పంపేది. మలబద్ధకం ఉన్నవాళ్లకి పనికొచ్చే గుణం అది. ఇప్పటికే నీళ్ల విరేచనాలు అవుతున్న పిల్లాడికి అది ఎలా పనికొస్తుందో మీరే ఆలోచించండి.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కడుపు బాగాలేదు అని మనం ఒక్క మాటలో అనేస్తాం, కానీ మీ ఇంట్లో ఉన్నవి రెండు వేరే వేరే జబ్బులు. మీ వారిది ఆమ్లం బాధ, బాబుది నీళ్ల వల్లో తిండి వల్లో వచ్చిన ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. రెండిటికీ ఒకే మందు చెప్పేవాళ్లని, వాళ్లు ఎవరైనా సరే, నమ్మకండి.

మీ వారి సంగతి. కామంచి ఆకు సారం ఎలుకల్లో కడుపు ఆమ్లాన్ని తగ్గించి, పుండ్లు మానడానికి తోడ్పడిందని పరిశోధనలు వచ్చాయి. నోటిపూతకీ కడుపు మంటకీ తమిళుల ఇళ్లలో ఈ కీరై వండిపెట్టడంలో అర్థం ఉందనే నేను అనుకుంటున్నాను. కానీ ఎలుకలకి ఇచ్చిన సారం వేరు, మనం తినే కూర వేరు, పైగా ఆరు నెలల మంట కూరతో సరిపెట్టుకునే మంట కాదు. కారం తినడం వల్లా టెన్షన్ వల్లా అల్సర్లు వస్తాయని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవాళ్లు. ఆస్ట్రేలియాకి చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా దీనికి పెద్ద కారణమని చెబితే చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బ్యాక్టీరియా ఉందో లేదో ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో తెలుస్తుంది, ఉంటే సాధారణంగా రెండు వారాల మందుల కోర్సుతో పోతుంది. ఆ అవకాశం ఉండగా ఏళ్ల తరబడి రసాలు తాగుతూ కూర్చోవడం నాకు బాధగా అనిపిస్తుంది. అల్సర్లకి రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. నడుం నొప్పికో తలనొప్పికో ఆయన మందుల షాపులో అడిగి కొని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వేసుకుంటున్నారేమో కనుక్కోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వేసుకునే ప్రతి మాత్ర అట్టనీ తీసుకెళ్లండి.

గ్యాస్ట్రో డాక్టరుకి చూపించేలోగా రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచమనండి, తల వైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేయండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ముద్ద మింగుడు పడకపోయినా, బరువు తగ్గిపోతున్నా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగొద్దు. గుండెల్లో మంటతో పాటు చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకి, ఆయాసం వస్తే మాత్రం అది గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు కాస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మంట తగ్గాలని కాకపోయినా, తేలిగ్గా కడుపులో పడటానికి కీరై చేసిపెట్టండి. ఇక్కడివాళ్లు తన్నిచారు అని చేస్తారు, చాలా బావుంటుంది. లేత ఆకులు మాత్రమే తుంచుకుని, పచ్చికాయలుంటే ఏరి పక్కన పెట్టి, మూడు నాలుగు నీళ్లలో కడగండి. చెంచా నేతిలో జీలకర్ర, చిన్నుల్లిపాయలు వేయించి, ఆకు వేసి వాడనిచ్చి, గుప్పెడు పెసరపప్పు, బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. దించే ముందు చిక్కటి కొబ్బరిపాలు పోసి ఉప్పు వేయాలి, పాలు పోశాక మరిగించకూడదు, విరిగిపోతాయి. పచ్చిమిర్చి ఒకటి చాలు, మీ వారి పళ్లెం కోసం అదీ వద్దు. ఆకు కొంచెం చేదుగా ఉంటుంది, పెసరపప్పుతో, కొబ్బరిపాలతో ఆ చేదు తెలియదు. వారానికి ఒకటి రెండుసార్లు చేసుకోండి, చేసిన పూటే తినేయండి. రోడ్డు పక్కన, కాలువ గట్టున మొలిచిన మొక్కల ఆకు మాత్రం కోయకండి, మీ కుండీలోదే వాడండి.

ఇక బాబు. వాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు మొదట కావలసింది ఏ ఆకూ కాదు, ఓఆర్‌ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్ శిబిరం నిండిపోయి, కలరా వచ్చి, సెలైన్ బాటిళ్లు అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పెట్టి జనం చేత తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. ఇంటివైద్యం అంటే నాకు గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే చెబుతున్నాను, విరేచనాలకి ఇంట్లో చేయగలిగిన వైద్యాల్లో దీన్ని మించింది లేదు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పెద్ద ప్యాకెట్ కొని మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి, గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసి కలపకండి, ఉప్పు పాళ్లు తప్పుతాయి. విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుతో సమానంగా గీసి కొలిచి కలపండి. షాపుల్లో అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు, వాటిలోని పంచదార విరేచనాల్ని పెంచుతుంది. జింకు కూడా ఇవ్వాలేమో, ఎంత మోతాదులో ఎన్ని రోజులో పిల్లల డాక్టరుని అడగండి, మొదలుపెడితే విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు. అన్నం మాన్పించకండి, మజ్జిగన్నం, పెసరకట్టు, ఇడ్లీ, అరటిపండు, ఏది తింటే అది పెట్టండి.

ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, పిలిస్తే మగతగా పలికినా, మలంలో రక్తం పడినా, తాగినదంతా కక్కేస్తున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వానలు మొదలయ్యాక మూడుసార్లు అన్నారు చూశారా, నా దృష్టి అక్కడే ఆగింది. ఒకసారైతే ఏ బజారు తిండో అనుకోవచ్చు, మూడోసారి వచ్చిందంటే నీళ్లని అనుమానించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వీధులు మునిగినప్పుడు మురుగునీరు సంపుల్లోకి చేరడం కొత్త కాదు. మీ సంపు మూత సరిగ్గా మూసుకుంటోందా, గోడలో పగులు ఉందా, మేడ మీది ట్యాంకు ఎప్పుడు కడిగించారు, లారీ నీళ్లు పోయించుకుంటున్నారా, ఇవి చూడండి. అపార్ట్‌మెంట్ అయితే మిగతా పిల్లల్నీ అడగండి, వాళ్లకీ ఇలాగే ఉంటే అందరూ కలిసి సంపు కడిగించి క్లోరిన్ వేయించండి. అప్పటిదాకా తాగే నీళ్లు బుడగలు వచ్చేలా మరిగించాలి, క్యాన్ నీళ్లయినా సరే. స్కూలుకి ఇంటి నీళ్లే పంపండి. దీనికి డబ్బూ తిరుగుడూ అవుతాయని తెలుసు, అయినా ఈ పని చేయకపోతే నాలుగోసారి కూడా వస్తుంది.

అత్తయ్యగారితో ఎలా చెప్పాలా అని మీకు ఇబ్బందిగా ఉంటుంది. ఆవిడ వైద్యం తప్పు అనకండి, నిజానికి తప్పు కాదు కూడా. ఆవిడ చిన్నప్పటి నుంచి చూసింది వండిన ఆకు, పండిన పండు, ఎండబెట్టి వేయించిన కాయ. పచ్చికాయల రసం ఆవిడది కాదు, ఫోన్‌లో వచ్చింది. "అత్తయ్యా, మీరు ఎప్పుడైనా పచ్చికాయలు నూరి ఎవరికైనా తాగించారా?" అని మెల్లగా అడిగి చూడండి. కుండీ బాధ్యత ఆవిడకే అప్పగించండి, నల్లగా పండినవి తేలిగ్గా ఊడి వస్తాయి, అలాంటివి నాలుగైదు, విరేచనాలు లేని రోజుల్లో మనవడి చేతిలో పెట్టనివ్వండి, పచ్చివి తినకూడదని ఆవిడ నోటితోనే వాడికి చెప్పించండి. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే పచ్చి ఆకు రసం గానీ కాయల రసం గానీ ఇవ్వొద్దని కూడా చెప్పండి.

మామయ్యగారి వత్తల్ విషయంలో అడ్డు కాయ కాదు, ఉప్పు. ఉప్పు మజ్జిగలో రెండు మూడుసార్లు ఊరి ఎండినవి అవి, పైన కుళంబులో మళ్లీ ఉప్పు. బీపీ ఉన్నవాళ్లకి నెలలో ఒకటి రెండుసార్లు, ఒక చెంచాకి మించకుండా పెట్టండి, ఆ రోజు కుళంబులో ఉప్పు సగానికి తగ్గించండి, పక్కన అప్పడం, ఊరగాయ పెట్టకండి. మైలాపూరు అప్పళం డిపోల్లో దొరికే వాటిలో ఉప్పు ఎంత వేశారో మన చేతిలో ఉండదు కాబట్టి వానలు పోయి ఎండ కాస్తే, ఫిబ్రవరి తర్వాత, ఇంట్లోనే ముదురు కాయలతో ఉప్పు తగ్గించి చేసుకోవడం మేలు. ఉప్పు తక్కువైతే బూజు త్వరగా పడుతుంది, గలగలలాడేదాకా ఎండబెట్టి, తడి లేని గాజు సీసాలో కొద్దికొద్దిగానే పోసి పెట్టుకోండి.